తొమ్మిది పాయింట్ ఒకటి ఏడు

ఫిబ్రవరి 2, సోమవారం

ప్రిన్సిపాల్ గారు పిలిచి కొత్త పదవి ఇచ్చారు. రిటెన్షన్ ఇన్‌చార్జ్. అంటే ఏమిటని అడిగాను. పిల్లలు మధ్యలో మానేయకుండా చూడటమట.

మా ఫిజిక్స్ డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు చేరినప్పుడు యాభై ఎనిమిది మంది. ఇప్పుడు ముప్పై ఏడు. ముప్పై ఐదు కంటే తగ్గితే వచ్చే ఏడాది ఈ కోర్సుకి అడ్మిషన్లు ఉండవని పైనుంచి కాగితం వచ్చింది. నేను మానేసిన ఇరవై ఒక్క మందికీ ఫోన్ చేయాలి, కారణాలు కనుక్కోవాలి, పట్టిక తయారుచేయాలి. వీలైతే ఒకరిద్దరినైనా వెనక్కి తేవాలి. ఇరవయ్యో తేదీలోపు. అది దాటితే రీ-అడ్మిషన్ మూసేస్తారు.

నేనే ఎందుకు సార్ అన్నాను. మీరు స్ట్రిక్టు కదమ్మా, మీరు ఫోన్ చేస్తే భయపడి నిజం చెప్తారు అన్నారు. పొగడ్తో ఎత్తిపొడుపో తేలలేదు.

పంతొమ్మిదేళ్లుగా పాఠం చెప్తున్నాను. మానేసిన వాళ్ల గురించి ఎప్పుడూ ఒకటే అనుకునేదాన్ని. సరుకు లేదు, పోయారు.

ఫిబ్రవరి 3

తొమ్మిది ఫోన్లు చేస్తే ఐదుగురు ఎత్తారు. ఒకడు సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపులో ఉన్నాడు. ఒకమ్మాయి వాళ్ల పిన్ని దగ్గర కుట్టుపని నేర్చుకుంటోంది. ఒకడు ఇంకో కాలేజీలో కామర్సులో చేరాడు. అక్కడ ల్యాబ్ లేదు మేడం, ప్రాణం హాయిగా ఉంది అన్నాడు. నా గొంతు వినగానే ఇద్దరు లేచి నిలబడ్డారేమో, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

ఎందుకు మానేశావు అంటే అందరిదీ ఒకటే మాట. ఇంట్లో పరిస్థితులు మేడం. అక్షరం తేడా లేదు. ఒకరి రికార్డు చూసి ఒకరు రాసినట్టు.

ఫిబ్రవరి 4

ఇంట్లో పరిస్థితులు. ఇంట్లో పరిస్థితులు. స్విచాఫ్. ఆరోగ్యం. రాంగ్ నంబర్. ఇంట్లో పరిస్థితులు.

ఫిబ్రవరి 5, సాయంత్రం 5:40

పదహారో నంబర్ డెసిమల్‌ది. అది క్లాసు పిల్లలు పెట్టిన పేరు. పాయింటు తర్వాత ఎన్ని అంకెలు రాయాలి మేడం అని ప్రతి లెక్కకీ అడిగేది. ఫోన్ వాళ్లమ్మ ఎత్తింది. కాలేజీ నుంచి, ఫిజిక్స్ మేడం అని చెప్పాను. ఆవిడ, ఏ మేడం, ఆ తొమ్మిది పాయింట్ ఒకటి ఏడు మేడమా అంది.

కోపంగా అనలేదు. కూరగాయలమ్మేవాళ్లని వీధి పేరుతో గుర్తుపట్టినట్టు అడిగింది అంతే. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదండీ, మూడో రోజు నుంచి కాలేజీకి వెళ్లనంది, ఇప్పుడు ఊరి బయట లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తోంది, వాళ్ల బాబాయి పెట్టించాడు అని చెప్పింది.

సరిగా వినపడటం లేదండీ అని ఫోన్ పెట్టేశాను. బాగానే వినపడింది.

6:30

రాసేస్తే గానీ కుదురుండదు.

పోయిన అక్టోబరులో పెండ్యులం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో స్టాప్ వాచ్‌తో చూసి, గురుత్వాకర్షణ విలువ కడతారు. పుస్తకంలో 9.8. ప్రతి ఏడూ అందరికీ 9.8 వస్తుంది. ఈమెకి 9.17 వచ్చింది. మళ్లీ చెయ్యమన్నాను. 9.16. మళ్లీ. 9.18. ఆ మూడూ దిద్దుడు లేకుండా రికార్డులో రాసి నా బల్ల మీద పెట్టింది.

నేను రికార్డు పైకెత్తి క్లాసంతటికీ చూపించాను. భూమి నీ ఒక్కదాన్నే కాస్త తక్కువగా లాగుతోందా తల్లీ అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది, అది కూడా రాసుకోవాలి. ఆ ఊపులో ఇంకో మాట అన్నాను. ఈ చేతులతో సైన్సెందుకు, ఇంకేదైనా చదువుకో అని. ఎర్ర ఇంకుతో పేజీకి అడ్డంగా గీత కొట్టాను.

చదువుకోమన్న మాట తప్ప మిగతాదంతా విన్నట్టుంది.

ఫిబ్రవరి 6

పొద్దున్న పాలు పొంగబెట్టాను. స్టవ్వు తుడిచి మళ్లీ పెట్టి మళ్లీ పొంగబెట్టాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి, కాలేజీలో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. లేదు అత్తయ్యా, నేనే అన్నాను అని చెప్పాను. ఆవిడ అయితే తగ్గడానికి టైము పడుతుందిలే అని గిన్నె నా చేతిలోంచి తీసుకుంది.

ఫిబ్రవరి 7, శనివారం

ల్యాబ్‌కి వెళ్లాను. సెలవు రోజు. అటెండర్ తాళం తీసి నన్ను వింతగా చూశాడు. ఈ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు, వచ్చే ఏడాది రిటైర్ అవుతాడు. ఏం మేడం, ఇన్‌స్పెక్షనా అన్నాడు.

డెసిమల్ రికార్డు బీరువాలోనే ఉంది. తీసుకెళ్లలేదు. ఏ ప్రయోగానికి ఏ నంబరు పరికరం వాడారో పైన రాయాలని రూలు పెట్టింది నేనే. ఆమె రాసింది: స్టాండు 3, వాచ్ 5. అవే తీసుకుని మొదలుపెట్టాను.

చివరిసారి నా చేత్తో నేను పెండ్యులం ఊపి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. ముడి వేయడమే కుదరలేదు, అటెండర్ వేసి పెట్టాడు. ఆరు పొడవులు, ఒక్కోదానికి మూడుసార్లు. గ్రాఫు గీసి, వాలు కొలిచి విలువ కట్టాను. 9.17.

లెక్క మళ్లీ వేశాను, అదే వచ్చింది.

స్కేలు అరిగిందేమో అనుకున్నాను. కాదు. స్కేలు మొదట్లో అరిగినా గ్రాఫు వాలు మారదు, ఆ సంగతి నేనే ఏటా పాఠంలో చెప్తాను. అప్పుడు వాచీని నా ఫోన్ పక్కన పెట్టి రెండూ ఒకేసారి నొక్కాను. ఫోన్‌లో అరవై సెకన్లు అయ్యేసరికి వాచీలో అరవై రెండు. పది నిమిషాలు కూర్చుని చూశాను. ఇరవై సెకన్లు ముందుంది. అంత తేడాకి 9.8 కాస్తా దాదాపు 9.17 అవుతుంది. లెక్క వేసి చూశాను. ఆమె కొలత తప్పు కాదు. ఆ వాచీతో నిజాయితీగా కొలిస్తే వచ్చేది అదే.

అటెండర్‌ని అడిగాను. ఐదో నంబరా మేడం, దానికెప్పుడూ తొందరే, మీకు తెలుసనుకున్నాను అన్నాడు.

బీరువాలో పదకొండేళ్ల రికార్డులున్నాయి. వాచ్ 5 అని ఉన్నవన్నీ వెతికాను. నలభై ఆరు దొరికాయి. 9.79. 9.81. 9.80. 9.82. నలభై ఐదు రికార్డుల మీద నా ఎర్ర ఇంకుతో గుడ్, వెరీ గుడ్. ఆ వాచీతో 9.8 రాబట్టడం ఎవరి తరమూ కాదు. జవాబు ముందు రాసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనకనుంచి కట్టారు. నిజంగా ప్రయోగం చేసింది ఒక్కతే. ఆమెను తరిమేశాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇవాళ రాయను.

ఫిబ్రవరి 8

ఇవాళ కూడా రాయను.

ఫిబ్రవరి 10, మంగళవారం

కాటా దగ్గరికి వెళ్లాను. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా దుమ్మే.

గోడౌన్ల వరస చివర, నేలకి సమంగా పెద్ద ఇనప పలక. దాని పక్కన రేకుల గది. గదికో కిటికీ, లోపల తెర మీద ఎర్ర అంకెలు. డెసిమల్ చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకుని కూర్చుంది. వెనక చక్రాలు ఎక్కలేదు, ఇంకో రెండడుగులు ముందుకి పోనీ అన్నా అని ఒక డ్రైవర్‌తో అంటోంది. క్లాసులో నేనెప్పుడూ వినని గొంతు. నన్ను చూసి లేచింది. స్టూలు తుడిచి వేసింది.

దారంతా మాటలు కూర్చుకున్నాను. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది. ఐదో నంబర్ వాచీ ఫాస్టుగా తిరుగుతోందమ్మా అన్నాను.

“తెలుసు మేడం” అంది.

తెలుసా అన్నాను.

“మర్నాడు రెండో నంబర్ వాచీతో చేశాను. 9.78 వచ్చింది. మీకు చెప్దామని స్టాఫ్ రూముకి వచ్చాను. వాచీ మీద నెపం పెట్టకు, పో అన్నారు.”

నాకు గుర్తులేదు. ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. ఆమెకి మాత్రం నేను ఆ రోజు ఏ కుర్చీలో కూర్చున్నానో కూడా గుర్తుంది. కిటికీ పక్కది. జామపండు తింటున్నారు మేడం అంది.

తప్పు నాది అన్నాను.  ఇంకో లారీ వచ్చింది. ఆమె తూచి, చీటీ చించి ఇచ్చింది. అప్పుడు నా వైపు తిరిగింది.

“ఇక్కడ నంబరు తేడా వస్తే ముందు కాటాని చూస్తారు మేడం. తూకంరాళ్లు తెచ్చి పెట్టి, సరిగ్గా చూపిస్తోందో లేదో చూస్తారు. మనిషిని తిట్టడం తర్వాత.”

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

వెనక్కి వస్తావా అని అడిగాను. ఇప్పుడు చేరితే ఈ సెమిస్టర్ దక్కుతుంది, పోయిన పేపర్లు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు అని చెప్పాను. ఆలోచిస్తాను మేడం అంది. తిరిగి వస్తుంటే ఒక లారీ డ్రైవర్, మీ అమ్మాయా అండీ, లెక్కలో ఖచ్చితం అన్నాడు. నా స్టూడెంట్ అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట అనడానికి నాకేం హక్కుంది?

ఫిబ్రవరి 11

డెసిమల్ రావచ్చని చెబితే ప్రిన్సిపాల్ గారు సంతోషించారు. ముప్పై ఎనిమిదో మనిషి. రీ-అడ్మిషన్ ఫారంలో ఎందుకు మానేసిందో కారణం రాసి నేను సంతకం పెట్టాలి. అనారోగ్యం అని రాసి పడేయండమ్మా, ఎవరూ అడగరు అన్నారు.

ఎంత తేలికో. ఒక్క పదం.

ఫిబ్రవరి 12

డెసిమల్‌కి ఫోన్ చేసి చెప్పాను. అనారోగ్యం అని రాయకండి మేడం, నాకు ఈ నాలుగు నెలల్లో జలుబు కూడా చెయ్యలేదు అంది. మరి ఏం రాయను అన్నాను. జరిగింది రాయండి అంది. రాస్తే నాకు ఇబ్బంది అవుతుందమ్మా అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. అవతల లారీ హారన్ మోగింది.

“అయితే వద్దులెండి మేడం. ఉన్నది రాస్తే ఉండనివ్వలేదని కదా వెళ్లిపోయాను. లేనిది రాసి వెనక్కి రమ్మంటే ఎలా?”

మొండిఘటం. కాదు. రీడింగు దిద్దమంటే దిద్దని పిల్ల ఫారం దిద్దమంటే దిద్దుతుందా?

ఫిబ్రవరి 13

ఫారం గడిలో పట్టదని, కారణం విడిగా ఉత్తరంగా రాయడానికి కూర్చున్నాను. మొదటి కాగితం: చిన్న అపార్థం వల్ల. చింపేశాను. రెండోది: సాంకేతిక కారణాల వల్ల. వాచీ మీదికి తోసేస్తున్నాను, నిజంగానే నెపం పెడుతున్నాను. చింపేశాను. మూడోది: విద్యార్థిని సున్నిత మనస్కురాలు కావడం వల్ల. దీన్ని చింపడమే కాదు, ముక్కలు కూడా బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, ఎవరైనా చూస్తారేమోనని.

జూన్‌లో డిపార్ట్‌మెంట్ హెడ్ పోస్టు ఖాళీ అవుతోంది. సీనియారిటీలో నేనే ముందున్నాను. ఈ కాగితం నా సర్వీసు ఫైలులోకి వెళ్తుంది. ఇదంతా ఆలోచిస్తున్నందుకు చిరాకు. ఆలోచించకుండా ఉండలేనందుకు ఇంకా చిరాకు.

ఫిబ్రవరి 14

మా ఆయనకి చెప్పాను. వాటర్ వర్క్స్‌లో మీటర్లు పరీక్షించే పని ఆయనది. అంతా విని, మా దగ్గర మీటరు తప్పు చూపిస్తే బిల్లు వాపసు చేసి ఉత్తరం రాస్తాం, అంతేగా అన్నారు. ఆ ఉత్తరం కింద ఎవరు సంతకం పెడతారు అని అడిగాను. మా పై ఆఫీసరు, పాపం ఎప్పుడూ పెన్ను దొరకట్లేదంటాడు అన్నారు. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 16, సోమవారం

క్లాసులో చెప్పేశాను. అనుకుని వెళ్లలేదు. హాజరు వేస్తుంటే డెసిమల్ పేరు కొట్టేసి ఉన్న చోట కన్ను ఆగింది. రిజిస్టరు మూసేశాను.

ముప్పై నాలుగు మంది ఉన్నారు. ఐదో నంబర్ వాచీ, నా ఫోన్ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ముందుకొచ్చి చూడమన్నాను. అరవై, అరవై రెండు. ఎవరో అబ్బో అన్నారు. అక్టోబరులో మీరందరూ నవ్వారు, నవ్వించింది నేను, కొలిచింది మాత్రం ఆ అమ్మాయి ఒక్కతే అన్నాను.  బోర్డు వైపు తిరిగి సుద్దముక్క పట్టుకున్నాను, అది కాస్తా విరిగింది.

మూడో బెంచీలో ఒకడున్నాడు. ఏ పాఠం చెప్పినా ఇది ఎగ్జామ్‌కి వస్తుందా మేడం అంటాడు, అందుకని వాడి పేరు ఎగ్జామ్. వాడు లేచి, నిజం చెప్తే మార్కులు కట్ చేస్తారా మేడం అని అడిగాడు. చెయ్యను అన్నాను.

“అయితే చెప్తాను. నేను ఆ రోజు అసలు గుండు ఊపనేలేదు. దారం ముడి కూడా విప్పలేదు మేడం.”

గది గొల్లుమంది. నిజంగా చేయనివాళ్లు చేతులెత్తండి అన్నాను. ఒకటి, మూడు, పది. కళ్లు దించుకునే ఎత్తారు. ముప్పై ఒకటి లెక్కపెట్టాను.

అప్పుడు ఎగ్జామే మళ్లీ అడిగాడు. మీరు చదువుకున్నప్పుడు చేశారా మేడం?

వెటకారం లేదు వాడి మొహంలో. తెలుసుకోవాలని అడిగాడు.

ఏడో తేదీన రాయనన్న సంగతి ఇదే. నేను చదివింది ఈ కాలేజీలోనే, ఈ ల్యాబ్‌లోనే. నాకు వచ్చింది 9.4. పక్కన స్నేహితురాలి రికార్డులో 9.8 చూసి, అంకెలన్నీ వెనకనుంచి కట్టుకుని వచ్చాను. మా సార్ వెరీ గుడ్ అని రాశారు. ఆ వెరీ గుడ్ మీదే ఇంతదూరం వచ్చాను.

చెయ్యెత్తాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

ఫిబ్రవరి 17

ల్యాబ్ మాన్యువల్ పక్కన పెట్టి అందరినీ పెండ్యులం మళ్లీ చెయ్యమన్నాను. జవాబు ఎంతైనా రాయండి, ఎందుకంత వచ్చిందో పట్టుకోండి, మార్కులు దానికే అన్నాను. సంత. 9.1, 9.6, 10.3, ఒకడికి 14. పద్నాలుగు వచ్చినవాడు ఇరవై ఊపుల సమయాన్ని ఇరవై నాలుగుతో భాగించాడని వాడి జట్టు కనిపెట్టేసరికి అరగంట పట్టింది, ఆ అరగంటా పోట్లాడుకున్నారు. అటెండర్ తలుపు దగ్గర నిలబడి, ఏమైంది మేడం, గొడవా అన్నాడు. ప్రయోగం అన్నాను.

ఫిబ్రవరి 18

ప్రిన్సిపాల్ గారికి కబురు అందింది. పిల్లల ముందు అలా తగ్గితే రేపు ఎవరికీ మాట చెల్లదు అన్నారు. ప్రాక్టికల్స్‌కి బయటినుంచి ఎగ్జామినర్ వస్తాడు, మీ వాళ్లు 10.3 రాసి పెడితే నేనేం చెప్పాలి అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. 

ఫిబ్రవరి 19, ఉదయం 11:15

ఇచ్చేశాను. నాలుగు వాక్యాలు. విద్యార్థిని కొలత సరైనది. పరికరం లోపాన్ని ఆమె నా దృష్టికి తెచ్చినా నేను వినలేదు. తరగతిలో అందరి ముందు అవమానించాను. ఆమె మానేయడానికి కారణం నేను.

ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పంతొమ్మిదేళ్లలో ఒక్క రిమార్కు లేదు, చేజేతులా ఎందుకమ్మా అన్నారు. నిజంగానే బాధపడ్డారు. ఇప్పటికైనా అనారోగ్యం అని మార్చమన్నారు. ఉత్తరం నా వైపు తోశారు. నేను ఆయన వైపు తోశాను. అలా ఒకసారి కాదు, రెండుసార్లు.

మూడోసారి ఆయన దాని మీద ముద్ర వేశారు.

మెట్లు దిగుతుంటే ఆకలి వేసింది. జరిగింది రాసిచ్చానని డెసిమల్‌కి ఫోన్ చేసి చెప్పాను.

ఫిబ్రవరి 20

రీ-అడ్మిషన్ ఆఖరి రోజు. నాలుగున్నరకి డెసిమల్ వాళ్లమ్మతో వచ్చి ఆఫీసులో సంతకం పెట్టి వెళ్లిందట. ఉత్తరం కాపీ అడిగి తీసుకుందట. పై అంతస్తులోనే ఉన్నాను. నన్ను కలవలేదు.

ఫిబ్రవరి 25

మెమో వచ్చింది. విద్యార్థుల పట్ల అనుచిత ప్రవర్తన. హెడ్ పోస్టుకి నా తర్వాతి ఆయన పేరు వెళ్తోంది. రిటెన్షన్ ఇన్‌చార్జ్ నుంచి కూడా తప్పించారు, ఆ పనీ ఆయనకే ఇచ్చారు. ఇరవై ఒక్క మంది పట్టిక ఆయనకి అప్పగించాను. కారణం అన్న గడిలో పదకొండు చోట్ల ఇంట్లో పరిస్థితులు అని ఉంది. వీళ్లకి మళ్లీ ఫోన్ చేయండి, నేను కాకుండా ఇంకెవరైనా అడిగితే మేలు, అందులో నా పేరు రావచ్చు అని చెప్పాను. ఆయన నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు.

అత్తయ్యకి మెమో సంగతి చెప్పాను. పోనీలే, హెడ్ అయితే ఇంటికి ఇంకా ఆలస్యంగా వచ్చేదానివి అంది.

ఫిబ్రవరి 27

డెసిమల్ ఇంకా క్లాసుకి రాలేదు.

మార్చి 3

రాలేదు. కాటా ఓనర్ ఇంకో మనిషి దొరికేదాకా ఆగమన్నాడట, ఎగ్జామ్ చెప్పాడు. వీడికెలా తెలుసు? వీడూ, ఇంకో ఇద్దరూ వెళ్లి సారీ చెప్పి వచ్చారట. వీళ్లని లారీ తూచే పలక మీద వరసగా నిలబెట్టి తూచిందట. ముగ్గురూ కలిసి నూట తొంభై కిలోలు, పది కిలోల లోపు తేడా చూపించదు మేడం ఆ కాటా, అంతకంటే సూక్ష్మంగా కొలవలేదు అని ఉత్సాహంగా చెప్తున్నాడు. ఎగ్జామ్‌కి వస్తుందా అని అడగడం మర్చిపోయాడు.

మార్చి 6

తలుపు చప్పుడైనప్పుడల్లా చూస్తున్నాను. పాఠం మధ్యలో కూడా. ఇవాళ పిల్లలు కూడా చూశారు. పోస్టు తెచ్చిన ప్యూన్.

మార్చి 12, గురువారం

డెసిమల్ వచ్చింది. నమస్తే పెట్టింది, నవ్వలేదు. చివరి బల్ల దగ్గర నిలబడింది.

వేడి చేసిన ఇత్తడి పళ్లెం ఎంతసేపట్లో చల్లారుతుందో చూసే ప్రయోగం. పళ్లెం ఒక పక్క ముందు చల్లారుతోంది, ఎందుకు మేడం అని అడిగింది. నాకు తెలియదు అన్నాను. కిటికీ గాలి అన్నాడొకడు. మూసేశారు. కాదు. పళ్లెం తిప్పి పెట్టారు. ఎగ్జామ్ ఇంకో థర్మామీటర్ తెచ్చాడు. నేను వంగి చూస్తుంటే, కాస్త పక్కకి జరగండి మేడం, రీడింగు కనపడట్లేదు అంది.

జరిగాను.

బెల్లు కొట్టారట. అటెండర్ తర్వాత చెప్పాడు.